శేషాచల సానువుల్లో ఎర్రచందనం

కడప నుండి తిరుపతికి కుటుంబ సమేతంగా ప్రయాణించే మన ఉద్యోగ మిత్రులు రాజంపేట దాటిన తరువాత ఒకసారి కుడివైపు కొండలను చూడవలసిందిగా మనవి. ఆ రాతినేలలో పెరిగే ఎర్రచందనం, తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. బెరడు మొసలి వీపును తలపిస్తుంది; చేవను నీటిలో వేస్తే మునిగిపోతుంది.

ఈ చేవకు జపానులో ఎంతో గౌరవం. అక్కడి మూడు తంత్రుల షామిసెన్ వాద్యానికి దండి చేయడానికి దీనిని శ్రేష్ఠమని ఎంచుతారు. అందునా అలల వంటి చార గల దుంగకు గిరాకీ మెండు. (మన వీణకు మాత్రం పనసకర్రే కావాలి, అది వేరే సంగతి!)

రైతులు దీనిని సొంత పొలాల్లోనూ పెంచుతున్నారు. అయితే ఇది కోడూరు అరటితోట వంటిది కాదు. చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. నాటినవాడే నరుకుతాడన్న భరోసా లేదు. 1995లో ఇది సైట్స్ అంతర్జాతీయ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేరిన నాటి నుండి ఎగుమతికి ఆంక్షలు వచ్చాయి. అడవిలో దొంగనరుకుడు పెరిగేకొద్దీ తోటలో పెంచిన దుంగనూ అనుమానించవలసి వచ్చింది. పాపం, రైతు చేసిన నేరమేమిటి? 2023 నవంబరులో ఆ ఒప్పందపు ప్రత్యేక సమీక్ష నుండి భారతదేశాన్ని తొలగించడంతో సాగుదారులకు కొంత ఊరట లభించింది. సొంత చెట్టును కొట్టడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి మాత్రం నేటికీ తప్పనిసరి.