ఇంటికి కాపలా

క్రిస్మస్ రాత్రి మేమంతా నడిరేయి పూజకి బయల్దేరితే మా తమ్ముడు అరుగు మీద కూర్చుని, ‘మీరెళ్లండప్పా, నేను ఇంటికి కాపలా ఉంటాను’ అంటాడు. పదిహేనేళ్లుగా ఇదే మాట. మా ఇంట్లో దొంగలు ఎత్తుకుపోయేదేమీ లేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

మాది విజయనగరం జిల్లాలో ఓ చిన్న విచారణ. 1993లో విశాఖ నుంచి విడిపడి శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పడేనాటికి వాడికి పదేళ్లు. ఆ ఏడే గుళ్లో తబలా ముందు కూర్చున్నాడు. పండగొస్తే వెదురుబద్దలు చీల్చి నక్షత్రం కట్టేదీ వాడే.

సంబంధాలు చూస్తున్న రోజుల్లో నన్ను పెరట్లోకి పిలిచి చెప్పాడు. ‘నా మనసు ఆడపిల్లల మీదకి పోదప్పా. పెళ్లి చేసుకుని ఓ పిల్ల గొంతు కొయ్యలేను’ అని. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వాడు మారాలని నవదిన జపాలు చేశాను, ఉపవాసాలున్నాను. వాడు చెప్పింది జబ్బు గురించి కాదని అర్థమవడానికి నాకు చాలా ఏళ్లే పట్టింది.

ఈలోగా సంగతి ఎలాగో పొక్కింది. గుళ్లోంచి పొమ్మని ఎవరూ అన్లేదు. తబలా మాత్రం ఇంకో కుర్రాడి ముందుకు వెళ్లింది. వీడు ఆఖరి వరసకి జరిగాడు. తర్వాత గుడి మెట్ల మీదకి... ఆ తర్వాత ఇంటి అరుగు మీదకి.

ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. టీవీలో చూసి అమ్మ అడిగింది... ‘అయితే మనోడు ఇంక గుడికి రావొచ్చా?’

నా దగ్గర జవాబు లేదు. వెదకడం మొదలుపెట్టాను. ఆ సంబంధం పాపమనే తిరుసభ బోధ. కానీ ఆ మనుషుల్ని గౌరవంతో, దయతో చేర్చుకోవాలనీ, అన్యాయంగా వేరు చెయ్యకూడదనీ కూడా అదే సత్యోపదేశ గ్రంథంలో ఉంది. అలాంటి జంటలకు గురువులు దీవెన ఇవ్వొచ్చని, అది పెళ్లి మాత్రం కాదని 2023 డిసెంబరులో ఫ్రాన్సిస్ పోపు గారి ఆమోదంతో ప్రకటన వచ్చింది. 2025 సెప్టెంబరులో జూబిలీ యాత్రకని గే క్యాథలిక్కులూ, వాళ్ల కుటుంబాలూ కలిసి వెయ్యిమందికి పైగా రోము వెళ్లారు. సిలువ పట్టుకుని సెయింట్ పీటర్స్ పవిత్ర ద్వారంలోంచి నడిచారు.

ఆ ఫొటో తమ్ముడికి పంపాను. ‘రోములో ద్వారం తెరిచారు, సరే. మనూరి గుమ్మం సంగతేటప్పా?’ అన్నాడు.

ఆ ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారి దగ్గర ఆగాను. గొంతు పెగల్లేదు. అయినా అంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నీతులు చెబుతారనుకున్నాను. ‘తబలా ఇంకా వాయిస్తాడామ్మా?’ అని అడిగారు.

ఇంటికొస్తూనే ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. అట్నుంచి ఉలుకూ పలుకూ లేదు. కాసేపటికి, ‘చెయ్యి తిరుగుతుందో లేదో అప్పా’ అన్నాడు.

ఈ క్రిస్మస్ రాత్రికి ఇంటికి తాళం వేద్దామనుకుంటున్నాం. అమ్మ అప్పుడే పాత తాళంకప్ప వెదికి నూనె పెట్టింది.