గాలం కర్రకి పిడి

గాలం అనగానే అందరూ ఎర గురించి చెబుతారు, ముల్లు గురించి చెబుతారు. పిడి గురించి చెప్పినవాడు మాత్రం మా తాతయ్య ఒక్కడే. కోనసీమలో అమలాపురం కాలువ గట్టు మీదే మా ఇల్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా అల్లుకుపోయిన కాలువల్లో అదీ ఒకటి. బొబ్బర్లంక నుంచి వచ్చే నీళ్ళు మా రేవు మెట్లు తడుపుకుంటూ దిగువకి పోయేవి. పొద్దున్న స్నానాలూ, ఆపైన గిన్నెలూ బట్టలూ, కాస్త ఎండెక్కాక గేదెలూ అన్నీ ఆ రేవులోనే. అందరూ లేచిపోయి మధ్యాహ్నం నీళ్ళు తేటపడ్డాక చింతచెట్టు నీడలో కూర్చునే హక్కు మాది, అంటే తాతయ్యదీ నాదీ.

కర్ర కోసం మాత్రం ఆయన పుష్యమాసం దాకా ఆగేవాడు. మా దొడ్డి చివర వెదురు పొద ఉండేది. వెన్నెల రోజుల్లో కోస్తే పుచ్చు పడుతుందని బహుళపక్షంలోనే కత్తి పట్టేవాడు. కోసిన బొంగుల్ని కట్టగట్టి, రేవు పక్కన బురదలో బండరాయి కింద నానబెట్టేవాడు. అలా నానితే వెదురులోని తీపి నీళ్ళలోకి పోతుందనీ, తీపి పోయిన కర్రని పురుగు ముట్టదనీ చెప్పేవాడు. తరవాత వంటింటి అటక మీదికి చేర్చేవాడు. కింద మామ్మ పొయ్యిలో కొబ్బరి డొక్కలు ఎగదోసినప్పుడల్లా ఆ పొగంతా వాటికి పట్టి, ఉగాది వచ్చేసరికి కర్ర తేనెరంగుకి తిరిగేది. ఆ పొగ వాసన, దాని కిందనే పచ్చి బురద వాసన, కర్ర దించినప్పుడు నా చేతులకి అంటుకుని సాయంత్రం అన్నం కలుపుకునేటప్పుడు కూడా పోయేది కాదు. వంకరలుంటే నిప్పుల మీద వెచ్చజేసి, కొబ్బరినూనె రాసి, మోకాలికి ఆనించి మెల్లగా సరిచేసేవాడు.

ఆ తరవాతే పిడి. బస్సులాగే చోట సైకిల్ షాపుండేది, అక్కడ అతుకులేయడానికి కూడా పనికిరాని పాత ట్యూబు ఊరికే ఇచ్చేవారు. నాజిల్ ఉన్న వైపు వదిలేసి, ఎక్కడా అతుకు లేని మేర చూసి తాతయ్య జానెడున్నర ముక్క కోసేవాడు. వెదురు మొదలు ఎప్పుడూ ట్యూబు కన్నా ఒక పిసరు లావుగానే ఉండాలి, వదులైందో ఆ కర్ర పందిరికే. ముందు కణుపులన్నీ గాజుపెంకుతో గీకి నున్నన చేయించేవాడు. ఆ పని నాది, చెవులు పులకరించే ఆ కిర్రుకిర్రు చప్పుడు మామ్మకి అస్సలు గిట్టేది కాదు. తలంట్లకి నలగ్గొట్టిన కుంకుడుకాయల రసం కొబ్బరిచిప్పలో మిగిల్చి ఉంచమని ముందే చెప్పుంచేవాడు. ఆ నురగ కర్రకీ ట్యూబు లోపలికీ పట్టించి, కర్ర సన్నకొస నుంచి ఎక్కించి, కిందికి దించుకుంటూ వచ్చేవాడు. కొస దగ్గర వదులుగా జారిన ట్యూబు నడిమికొచ్చేసరికి కర్రని పట్టుకునేది, మొదలు చేరేసరికి మొండికేసేది. అప్పుడు నేను కర్రని గోడకి అదిమిపట్టుకోవాలి. ఆయన గొంతుక్కూర్చుని రెండు అరచేతులతో ట్యూబుని మెలితిప్పుతూ అంగుళం అంగుళం లాగేవాడు. ముంజేతి నరాలు ఉబికేవి, వేళ్ళ సందుల్లోంచి నురగ బుడగలు కట్టి జారేది.

"తొయ్యకూడదురా పెద్దోడా. తోస్తే ముడతలు పడుద్ది, ఊరికే లాగితే పల్చబడుద్ది. తిప్పుకుంటా రావాలి."

చివరికి రెండంచులూ పురికొసతో బిగించి, కర్రని నీడన నిలబెట్టేవాడు. కుంకుడు రసం ఆరేదాకా, అంటే మర్నాటి దాకా, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆరాక ఇద్దరు పట్టి గుంజినా పిడి కదిలేది కాదు.

ఇంత శ్రమ దేనికంటే, గట్టు మీద చెయ్యి పొడిగా ఉండే క్షణం ఉండదు. ఎర్రలు తవ్విన మట్టి, చేప జిగురు, నీళ్ళు. ఉత్త వెదురు జారిపోతుంది. గుడ్డ చుడితే తడి వదలక కంపు కొడుతుంది, కొబ్బరితాడు అరచేతిని గీరేస్తుంది. రబ్బరైతే తడిలోనూ పట్టిస్తుంది. జీలుగు బెండు మునిగేదాకా ఆగక్కర్లేదని, చేప ఎరని ముక్కుతో తడుముతున్నప్పుడే అరచేతికి తెలియాలని తాతయ్య నమ్మకం. చేదుపరిగెలు గిచ్చడం వేరు, జెల్ల ఒక్కసారిగా లాక్కుపోవడం వేరు, బొమ్మిడాయి మెల్లగా ఈడ్చుకుపోవడం వేరు. కళ్ళు మూసుకుని మరీ పేరు చెప్పేవాడు.

వేసవి వచ్చి కాలువలు కట్టేశారంటే మాకది ఇంకో పండగ. నీళ్ళు లాగేశాక లాకుల కిందా, వంతెన పక్కన గోతుల్లోనూ మిగిలిపోయిన చేపలకోసం ఊరు ఊరంతా దిగేది. వలలూ, బుట్టలూ, చీరలూ పట్టుకుని పిల్లా పెద్దా బురదలో తిరుగుతుంటే తాతయ్య మాత్రం గట్టు మీద తన కర్రతోనే కూర్చునేవాడు, ఒక కొర్రమీను చాలనేవాడు. మామ్మ ఆ చేపని బూడిదతో తోమి, రాతి మీద రుద్ది, రాళ్ళుప్పేసి కడిగి, మట్టి దాకలో చింతపండు పులుసు పెట్టేది. రాత్రి వండిన పులుసు పొద్దున్న చద్దన్నంలో తినాలి. ముక్కకి పులుపెక్కి, పైన నూనె తేలి ఉంటుంది. ఏమీ పడని రోజు ఆవకాయే, దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళం కాదు.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. సెలవుల్లో వెళ్ళినప్పుడు చూద్దును కదా, గరాజ్‌లో బల్ల వేసుకుని తన గాలం కర్ర తనే తయారుచేసుకుంటున్నాడు. వెదురు బదులు కార్బన్ ఫైబర్ గొట్టం, దాన్ని బ్లాంక్ అంటారట. పిడికి ఇ.వి.ఎ. ఫోమ్, బూట్ల అడుగుల్లో వాడేదే. నల్లగా, మెత్తగా, చేతిలో బరువే తెలియదు. దాని బెజ్జం బ్లాంక్ కన్నా కాస్త చిన్నదిగా ఉంటుంది. దాన్నీ సన్నకొస నుంచే ఎక్కించి మొదలుకి దించాలి. రెండు పాళ్ళు కలిపే ఎపాక్సీ జిగురే అక్కడ కుంకుడు రసం. తడిగా ఉన్నంతసేపూ జారనిస్తుంది, ఆరాక వదలదు. అందుకే ముందు జిగురు లేకుండా ఒకసారి ఎక్కించి చూసుకుని, ఎక్కడ ఆగాలో టేపు అంటించుకుని, గొట్టం స్పిరిటుతో తుడిచి, అప్పుడు జిగురు రాసి ఆగకుండా దించాలి. నడిమిలో ఆగితే అక్కడే పట్టేస్తుంది. వాడు బలమంతా పెట్టి తోస్తుంటే ఫోమ్ కుంచించుకుపోతోంది. అలా నొక్కుకుపోయిన ఫోమ్ తెల్లారేసరికి సాగి, గుర్తు దాటి పోతుంది. "తొయ్యకు నాన్నా, తిప్పుకుంటూ రా" అన్నాను. వాడు చేతులు మార్చి తిప్పాడు, అది సాఫీగా దిగింది. నీకెలా తెలుసని అడిగితే తాతయ్య సంగతి చెప్పడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది.

తాతయ్య పోయాక దొడ్డి పంపకాల్లో వెదురు పొద పెదనాన్నగారి వాటాలోకి వెళ్ళింది. ఇప్పటికీ ఉంది, చిక్కగానే ఉంది. మీలో ఎవరికైనా కాలువ గట్టున కూర్చోవాలని మనసు లాగితే, వెదురు మటుకు చలికాలంలోనే కోసుకోండి, ఎండల్లో కోసింది పుచ్చిపోతుంది. పిడి ట్యూబైనా ఫోమైనా, ఎక్కించిన రాత్రి దాన్ని కదపకండి.