పండుగనాడు కుక్క కేమి పెట్టవలెను?

పండుగ యనగా మన యింట వండినదానిని నలుగురితో పంచుకొనుట. ఆ నలుగురిలో మనుష్యులు మాత్రమే యుండవలెనను నియమము మన పెద్దలకు లేదు. వైశ్వదేవము చేయు గృహస్థు కాకులకును కుక్కలకును బలి విడిచిన పిమ్మటనే తాను భుజింపవలెనని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. నేపాళ దేశమున దీపావళి దినములలో జరుగు తీహారు పండుగయందు ఒక దినమును కుక్కలకే కేటాయించి, వానికి బొట్టు పెట్టి, పూలమాలలు వేసి, విందు చేయుదురు. దప్పిగొన్న కుక్కకు నీరు పోసినవారి పాపములు క్షమింపబడెనను గాథను మా యిరుగుపొరుగు ముస్లిము సోదరీమణులు తమ బిడ్డలకు చెప్పుదురు. కాబట్టి వాకిట నిలిచిన కుక్కకు పండుగనాడింత పెట్టవలెనను తలంపు మన కందరకును సహజమే. ఏమి పెట్టవలెనన్నదే యిచ్చట ప్రశ్న.

మేము హైదరాబాదు పాతనగరమున గౌలిపురా ప్రాంతమున కాపురముండువారము. మా వీథిలో పండుగలకు కొదువ లేదు. దీపావళికి రవలడ్డు, సేమియా పాయసము; రంజానుకు షీర్‌ఖుర్మా; పెండ్లి విందులకు డబుల్‌కా మీఠా. ఇండ్లు వేరైనను, వంటలు వేరైనను, వీనిలో పలుచోట్ల కనబడు వస్తువొకటి కలదు. అది కిస్మిసు. పండుగకు ముందు బేగంబజారునకు పోయి జీడిపప్పుతోపాటు కిస్మిసు తెచ్చుకొనని గృహిణి మా వీథిలో నరుదు. భోజనములైన పిమ్మట గిన్నె యడుగున మిగిలినది వాకిట కుక్కకు వేయుటయు అందఱి వాడుకయే.

కొన్ని యేండ్ల క్రిందట దీపావళినాడు మా బంధువుల యింట జరిగిన సంగతి చెప్పెదము. వారి యింట టామీ యను కుక్క యుండెడిది. పిల్లలు దానిపైగల ప్రేమచేత పెద్దలు చూడకుండ లడ్డులు పెట్టిరి. అంతతో నాగక, డబ్బాలోని కిస్మిసును గుప్పిళ్లతో తినిపించిరి. ఆ రాత్రియే అది వాంతులు చేసికొనెను. టపాకాయల చప్పుడునకు బెదరెనని పెద్దలనుకొనిరి. రెండవనాటికి మేత ముట్టలేదు. మూడవనాటికి మూత్రము నిలిచిపోయెను. పశువైద్యుడు చూచి, మూత్రపిండములు చెడినవనియు, తిన్న కొలది గంటలలోనే తెచ్చియుండిన నెడల వాంతి చేయించి రక్షింప వీలుండెడిదనియు చెప్పెను. టామీ దక్కలేదు. “మేము పెట్టినదానివలననే చచ్చిపోయెనా?” యని యెనిమిదేండ్ల పిల్ల తల్లి నడిగినప్పుడు ఆమె కేమి చెప్పుటకును తోచలేదు. మా యీ వ్యాసమునకు కారణమా ప్రశ్నయే.

ద్రాక్షపండ్లును, ఎండుద్రాక్షయగు కిస్మిసును కుక్కల మూత్రపిండములకు విషమని అమెరికా దేశపు పశువైద్యులు 2001 ప్రాంతమున ప్రకటించిరి. కారణము మాత్రము చిరకాలము తెలియలేదు. వానిలోని టార్టారిక్ ఆమ్లమే దోషియై యుండునని 2021లో వైద్యులు సూచించిరి. మన వంటింటికి చేరువయగు మాట యిచ్చటనే కలదు: ఆ యామ్లము చింతపండునందును విస్తారముగా నున్నది, చింతపండు తిని యట్లే మూత్రపిండములు చెడిన కుక్కల సంగతియు వైద్యపత్రికల కెక్కినది. కనుక పండుగనాటి పులిహోరయు కుక్కకు తగదు. “మా కుక్క యెన్నిసార్లో తిన్నది, ఏమియు కాలేదే!” యని కొందఱందురు. నిజమే. ఆ యామ్లము ఒక పండున హెచ్చుగను, వేఱొక పండున తక్కువగను ఉండును. ఎంత తిన్నచో ముప్పు వచ్చునో ముందుగా నిర్ణయింప వీలులేదు. వీలులేనప్పుడు మానుటయే క్షేమము.

చాకొలెట్టు, ఉల్లిపాయ, వెల్లుల్లియు కుక్కలకు హానికరములే. చక్కెరకు బదులుగా మిఠాయిలలో వాడు జైలిటాలు మఱింత ప్రమాదకరము. సీతాఫలపు గింజలు తలలోని పేలను చంపుటకు నూరి వాడినవే గదా. వానిని కుక్కకు దూరముగ నుంచవలెను. ఇక పెట్టదగిన పండ్లు: బాగుగ ముగ్గిన అరటిపండు, గింజలును నడిమి బొడిపెయు తీసిన ఆపిలుపండు, గింజలు లేని బొప్పాయి, పుచ్చకాయ గుజ్జు, తొక్కయు టెంకయు లేని మామిడి ముక్క. ఇవియైనను కొద్దిగానే పెట్టవలెను.

మేము దీపావళికి చేయు కుక్కబిళ్లల విధానమిది. జొన్నపిండి 2 గిన్నెలు, ముగ్గిన అరటిపండ్లు 2, తురిమిన ఆపిలుపండు 1 తీసికొనవలెను. అరటిపండ్లను మెత్తగా చిదిమి, తురుము కలిపి, పిండి చేర్చి, చాలకున్న కొంచెము వేడినీరు చిలుకరించి గట్టిగా పిసుకవలెను. ఉప్పు, బెల్లము, చక్కెర, నేయి, ఏలకులు ఏవియు వేయరాదు. మన నాలుకకు చప్పనిది కుక్కకు చప్పన కాదు. ముద్దను సగము వ్రేలి మందమున ఒత్తి, చిన్న బిళ్లలుగ కోసి, పెనముపై మూతపెట్టి సన్నని సెగను రెండు వైపుల తడి యాఱువఱకు కాల్చవలెను. ఓవెను గలవారు 160 డిగ్రీల వేడిలో అరగంట యుంచిన చాలును. చల్లారిన పిదప శీతలపేటికలో పెట్టి నాలుగు దినములలో ముగింపవలెను. ఈ బిళ్లలు భోజనము కావు. దినమంతటి యాహారములో పదింట నొక పాలు మించరాదు. చక్కెరవ్యాధిగల కుక్కకు వైద్యు నడుగక పెట్టరాదు.

వీథికుక్కల విషయమున నింకొక జాగ్రత్త కలదు. 2023 ఫిబ్రవరిలో మన నగరపు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని కుక్కలు చుట్టుముట్టి చంపిన సంగతి యే తల్లియు మఱవలేదు. ఆ యేటనే వచ్చిన జంతుజనన నియంత్రణ నియమములు, పిల్లలాడు చోట్లకును రాకపోకల ద్వారములకును దూరముగ కుక్కలకు మేత పెట్టవలెనని చెప్పినవి. 2025 ఆగస్టు 22న సుప్రీముకోర్టు, వీథులలో నెక్కడబడిన నక్కడ పెట్టరాదనియు, ప్రతి వార్డునను అందుకై స్థలములు ఏర్పఱుపవలెననియు ఆజ్ఞాపించెను. కనుక వాకిట గుమికూడిన కుక్కలకు మిఠాయి విసరుట కుక్కకే కాదు, ప్రక్కింటి పసివానికిని అపాయమే. పిల్లల చేతులతో పెట్టింపరాదు. పెట్టు కుక్కకు పిచ్చికుక్కవ్యాధి టీకా పడినదో లేదో విచారించుకొనుటయు మన ధర్మమే.

టామీ సంగతి విన్న మా వీథిలోని యొక ముస్లిము పెద్దమ్మ మఱుసటి రంజానునాడు తలుపు తట్టి, “బేటీ, మిగిలిన ఖుర్మా ఆ మూగజీవికి వేయనని మనుమలకు చెప్పితిని. నీ బిళ్లలు నాలుగుంటే ఇవ్వు, పండుగపూట వట్టి చేతులతో ఎట్లా పంపుట?” యని యడిగి పుచ్చుకొనెను. నాటినుండి దీపావళికి మా యింటను, రంజానుకు ఆమె యింటను ఈ బిళ్లలు కాలుచునే యున్నవి.

ఆంధ్ర మహాభారతమున ఆదిపర్వ ప్రథమాశ్వాసముననే సరమ యను దేవశుని, తన పిల్లను నిష్కారణముగ కొట్టిన తమ్ములను గూర్చి జనమేజయునికి మొఱపెట్టుకొని, తగునో తగదో విచారింపక సాధువులకు హాని చేయువారికి తలవని యాపదలు వచ్చునని హెచ్చరించి పోయెను. కోపముచేత కొట్టువారికి మాత్రమే యా మాట యని మనమనుకొందుము. ప్రేమచేత పెట్టువారికిని అదియే చెల్లును. సోదరీమణులారా! ఈ పండుగకు కిస్మిసు డబ్బా మూత బిగించి, ఒక గుప్పెడు జొన్నపిండి వేఱుగ తీసియుంచుడు. ఎందులకని బిడ్డలడిగినప్పుడు ఈ కథ చెప్పుడు.