కందకుర్తి సంగమం - చుట్టు రైలు ముచ్చట

పిల్లల అక్షరాభ్యాసానికి మీలో చాలామంది బాసర వెళ్ళే వుంటారు. దానికి ఎగువన వున్న కందకుర్తి చూశారా? నిజామాబాదు జిల్లా, రెంజల్ మండలంలో చిన్న వూరు. మహారాష్ట్ర దాటి గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే. మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి కనుక త్రివేణీ సంగమం అంటారు. ఏటి నడుమ పాత రాతి శివాలయం వుంది. వరదొస్తే మునుగుతుంది, నీళ్ళు తగ్గితే మళ్ళీ తేలుతుంది. అందుకని వానాకాలం పోయాక వెళ్ళండి.

నిజామాబాదులో రైలు దిగి, బస్సులో బోధన్ చేరి, అక్కణ్ణించి రోడ్డు మీదే వెళ్ళాలి. బోధన్‌కి పట్టాలున్నాయి, జానకంపేట దగ్గర పెద్ద లైను నుంచి చీలి వస్తాయి. కానీ బోధన్‌తోనే సరి! బీదర్ దాకా పొడిగించమని ఈ ప్రాంతం వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. చెరకు బళ్ళతో కళకళలాడిన షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ కూడా 2015 డిసెంబరులో మూతపడింది.

ఒడ్డున కూర్చుని మంజీరను చూడండి. బీడ్ జిల్లా కొండల్లో పుట్టి, సంగారెడ్డి వైపు వచ్చి, హైదరాబాదుకు తాగునీళ్ళిచ్చి, పట్నంలో అడుగైనా పెట్టకుండా ఉత్తరానికి మళ్ళి ఇక్కడికొస్తుంది. 724 కిలోమీటర్ల నడక! మనకా సుఖమేదీ? కందకుర్తి కోడలు నల్గొండలో చెల్లెలి పెళ్ళికి రైల్లో వెళ్ళాలంటే పట్నం నడిబొడ్డుకు పోవాల్సిందే. చంకలో పిల్ల, చేతిలో సంచులు, ఎక్కీ దిగే మెట్లు - ఆ అవస్థ మనకే తెలుసు.

ఎడ్లబండి చక్రం గుర్తు తెచ్చుకోండి. మన రైలు దారులన్నీ ఆకుల్లా నడిమి కుండలోకే దిగుతాయి, చుట్టూ కట్టు లేదు. 2017లో మొదలైన హైదరాబాదు మెట్రోకి మూడు లైన్లున్నా, అవీ అడ్డంగా నిలువుగా పోయేవే. టోక్యో వాళ్ళకు 1925లోనే చుట్టు లైను పూర్తయింది. యమనోతె అంటారు. 34.5 కిలోమీటర్లు, సుమారు గంటలో ఎక్కినచోటికే తెస్తుంది.

మన హైదరాబాదు చుట్టూ, ఊరి బయటి నుంచే రైలు లైను వేయడానికి 2023లో రైల్వే శాఖ సర్వేకు అనుమతిచ్చింది. అది నిజామాబాదు లైనునూ దాటిపోవాలి కాబట్టి, ఆ కూడలిలో దిగి పట్నం తొక్కకుండానే నల్గొండ బండి ఎక్కవచ్చు. అయితే ఆ పట్టాల కింద పోయేవి ఎవరో ఆడపడుచు పొలాలే. సరైన ధర, సకాలంలో ఇవ్వకపోతే ఈ సంబరం వాళ్ళకి శాపమే అవుతుంది. ఇంకొకటి, స్టేషన్లు పెట్టి, వేళకి బండ్లు నడపకపోతే మన ఇలాకాకు ఒరిగేదేమీ లేదు.

సంగమం దగ్గర తినడానికి జొన్నరొట్టెలు, పల్లీపొడి కట్టుకెళ్ళండి. పిల్లల్ని నీళ్ళలో దించేముందు లోతు ఊరివాళ్ళని అడగండి. చీకటి పడకుండా బోధన్ చేరుకోండి.