లే, పక్షీ!

చిన్నప్పుడు లేపాక్షిలో, మా ఇంటి టీవీలో ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ హిందీలో వచ్చేది. ఆ మాటలు నాకూ అర్థమయ్యేవి కావు, అవ్వకూ కావు. జటాయువు కూలగానే, "లే పక్షీ అన్నాడు రాముడు. మనూరికి ఆ పేరు అట్లే వచ్చిందిరా" అనేది అవ్వ.

యుగో సాకో, రామ్ మోహన్ వాళ్లు 1990ల మొదట్లో చేత్తో గీయించిన ఆ సినిమా 2025 జనవరిలో 4కెలో, తెలుగులో థియేటర్లకొచ్చింది. బెంగళూరులో చూశాను. అప్పుడు మచ్చలా కనబడిన జటాయువు ఇప్పుడు స్పష్టంగా ఉన్నాడు. ప్రతి మాటా అర్థమైంది. అయినా ఆ సీన్లో పక్క సీటు వైపు తిరిగాను. అవ్వ పోయి ఆరేళ్లు.

తర్వాత ఊరెళ్లినప్పుడు మావాణ్ణి వీరభద్రస్వామి గుడికి తీసుకెళ్లాను. పైకప్పు బొమ్మలు చాలాచోట్ల వెలిసిపోయాయి. "ఏం కనపడట్లేదు నాన్నా" అన్నాడు.

కథ నేనే చెప్పాల్సొచ్చింది.