లెక్కల్లో మిగిలిన ఊరు

గండికోట అంటే మన క్లాసులో అందరికీ రీల్సే గుర్తొస్తాయి. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పారే పెన్నా, ఒడ్డున కోట. అక్కడి డ్యామ్ సంగతి మాత్రం ఎక్కువమందికి తెలీదు. శ్రీశైలం నుంచి అవుకు మీదుగా వచ్చే కృష్ణా నీళ్లను ఆపే ఈ రిజర్వాయర్ సామర్థ్యం 26.85 టీఎంసీలు. అది నిండితే వెనక కొండాపురం మండలంలోని ఊర్లు మునుగుతాయి. మా అవ్వ ఊరు తాళ్లప్రొద్దుటూరు వాటిలో ఒకటి. 2020లో నీళ్లు ఊర్లోకొచ్చినాయి.

2011 జనాభా లెక్కల్లో ఆ ఊరికి ఒక వరస ఉంది: ఇన్ని ఇళ్లు, ఇంతమంది మనుషులు. ఆ మనుషులు ఇప్పుడూ ఉన్నారు. కొందరు పునరావాస కాలనీలో, కొందరు ప్రొద్దుటూరులో, మా మామ బెంగళూరులో. జనం తగ్గలేదు, చెదిరిపోయినారు. లెక్కలు రాసేవాళ్లు మనుషుల్ని లెక్కేసేది ఇప్పుడు ఉంటున్న చోటే. "మీదే ఊరమ్మా?" అంటే మా అవ్వ మాత్రం ఇప్పటికీ తాళ్లప్రొద్దుటూరే అంటాది.

నీళ్లొద్దని సీమలో ఎవరంటారు? మా అవ్వ కూడా అనదు. గండికోట పోతే ఫోటోలు దిగండి. ఎగువన నీళ్ల కింద ఊర్లున్నాయని మాత్రం గుర్తుపెట్టుకోండి.