ప్లస్ దగ్గర

"అక్షరాలు క్లియర్‌గా కనపడగానే 'ఆఁ' అనండి" అంది ఆప్టోమెట్రిస్ట్. చేతిలో ఫ్లిప్పర్. ఒకే పిడికి నాలుగు అద్దాలు, ఒక పక్క ప్లస్ 2, రెండో పక్క మైనస్ 2. నా ముందు 40 సెంటీమీటర్ల దూరంలో చిన్నక్షరాల కార్డు. మైనస్ పెడితే కంటి లోపలి కండరం బిగియాలి, ప్లస్ పెడితే వదులవ్వాలి. రెండూ కలిపి ఒక సైకిల్. ముప్ఫై లోపు వాళ్ళకి నిమిషానికి ఒక్కో కంటితో 11, రెండు కళ్ళతో 8 దాకా రావాలట. నాకు ముప్ఫై మూడు, కాస్త తగ్గినా పర్లేదంది.

నాలుగు వచ్చాయి. ఒక కన్ను మూసి చేసినా ఐదు దాటలేదు. మైనస్‌కి వెంటనే 'ఆఁ' అంటున్నా, ప్లస్ దగ్గరే ఆగిపోతున్నా. రోజంతా స్క్రీన్‌కి బిగుసుకున్న కండరం వదలనంటోంది. దూరం బోర్డు మాత్రం ఆఖరి వరస దాకా గడగడా చదివేశాను. ఇన్నేళ్ళూ ఆ బోర్డు చూసే కళ్ళు బాగున్నాయనుకున్నా.

పోయిన నెల ఒక తొలి నవల మీద సమీక్ష రాశాను. 'రెండో సగంలో వచనం పట్టు తప్పింది, వాక్యాలు అలుక్కుపోయాయి' అని. మొదటి సగం చదివింది ఆదివారం పొద్దున. రెండోది ఆఫీసయ్యాక, రాత్రి పదకొండు దాటి. వచనం నిజంగానే పట్టు తప్పిందేమో కూడా, చెప్పలేను. ఆ రచయిత్రి మాత్రం థాంక్స్ చెబుతూ మెయిల్ పెట్టింది, ఈసారి జాగ్రత్తగా రాస్తానని.

"ఏమండీ, 'ఆఁ' అనలేదు?"

"ఇంకా మసగ్గానే ఉంది" అన్నాను.